గ్రామీణ డాక్ సేవక్‌ల సమ్మె: నాలుగు గంటల పని ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది?

నల్లరేగడి:

పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుల్లో రోజుకు నాలుగైదు గంటల పనికి భత్యం పొందే గ్రామీణ డాక్ సేవక్‌లు 2023 డిసెంబరు 12న నిరవధిక సమ్మెకు దిగినప్పుడు వారి కోర్కెల పత్రం చదివి నాకు కొంత ఆశ్చర్యం కలిగింది. సాధారణంగా కార్మికులు పని గంటలు తగ్గించమంటారు. వీరు మాత్రం తమకు ఎనిమిది గంటల పని ఇవ్వాలని, దానితో పాటు పెన్షను, వైద్య సదుపాయం కల్పించాలని అడిగారు.

కాగితం మీద లెక్క చూస్తే వీరికి అన్యాయం జరిగినట్టు నాకు కనిపించడం లేదు. 2018 జూన్ 6న కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి నెలకు కనీసం 12,000, ఐదు గంటల పనికి 14,500 రూపాయలు. మిగిలిన డాక్ సేవక్‌లకు వరుసగా 10,000, 12,000. దీనిపై కేంద్ర ఉద్యోగులకు ఇచ్చే కరవు భత్యం అదనం. ఎనిమిది గంటలు పనిచేసే తపాలా శాఖ రెగ్యులర్ పోస్ట్‌మ్యాన్ మూలవేతనం ఏడో వేతన సంఘం తరువాత 21,700తో మొదలవుతుంది. గంటకు విభజించి చూడండి. పోస్ట్‌మ్యాన్‌కు రోజువారీ ఒక్కో గంటకు నెలకు 2,712 పడితే, బ్రాంచి పోస్టుమాస్టరుకు 3,000 పడుతుంది. అంటే పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరుకు (బిపిఎం) గంట ధర ఎక్కువే. మరి సమ్మె దేనికి? తెలిసినవారు చెబితే నా అభిప్రాయం మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

తొలకరి:

నల్లరేగడి గారూ, మీ భాగహారంలో తప్పు లేదు. మీరు దేనితో భాగించారో అదే మా ఇంట్లో పాతికేళ్లుగా నడుస్తున్న తగాదా.

మా అమ్మ బిపిఎం. బ్రాంచి పోస్టాఫీసుకు స్థలం చూపించవలసింది పోస్టుమాస్టరే కనుక మా ఇంటి ముందుగది ఆఫీసు. ఆఫీసు వేళ తలుపు మీద రాసి ఉంటుంది, కానీ ఊళ్లో ఎవరూ ఆ వేళ ప్రకారం రారు. ఉపాధి హామీ కూలీలు పని నుంచి తిరిగివచ్చాక, అంటే మధ్యాహ్నం దాటాక, వరుసగా గుమ్మంలో కూర్చుంటారు. వేలిముద్ర పడితేనే డబ్బు చేతికి వస్తుంది. తట్టలు మోసి, మట్టి తవ్వి గీతలు అరిగిపోయిన బొటనవేలిని అమ్మ తడిగుడ్డతో తుడిచి, కొంగుతో ఒత్తి, మళ్లీ పెట్టించి, మళ్లీ పెట్టించి, ఆ వేలు పనికిరాకపోతే చూపుడువేలు, అదీ పనికిరాకపోతే ఎడమచేయి ప్రయత్నిస్తుంది. ఒక్క మనిషికి ఒక్కోసారి పావుగంట పడుతుంది. ఆ పావుగంటకు రికార్డులో కనిపించేది ఒక్క లావాదేవీ మాత్రమే.

సాయంత్రం సిగ్నలు అందక చేతి పరికరంలో ఆ రోజు లెక్క పైకి వెళ్లకపోతే, అమ్మ దాన్ని పట్టుకుని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడుతుంది. చిన్నప్పుడు నేను ఆమె వెనకే టార్చిలైటు పట్టుకుని కొవ్వొత్తి లక్కతో సంచి మూతి సీలు వేయడం చూసేదాన్ని. ఇప్పుడు పరికరం వచ్చింది, సంచి కూడా ఉంది, డైలీ అకౌంటు కూడా ఉంది. కొత్త పని వచ్చింది కానీ పాత పని ఎక్కడికీ పోలేదు. మీ మూడు వేల లెక్కను ఈ రోజుతో భాగించి చూడండి.

విశ్రాంత_ఎస్పీఎం:

నేను సబ్ పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేశాను. బ్రాంచి ఆఫీసుల లెక్కలు చూసే నా అకౌంట్ ఆఫీసు కింద పదికి పైగా బ్రాంచి ఆఫీసులు ఉండేవి కనుక ఈ గంటల లెక్క ఎలా పుడుతుందో చెబుతాను.

నా సర్వీసు కాలంలో బ్రాంచి ఆఫీసు పనిని గడియారంతో కొలిచేవారు కాదు, పాయింట్లతో కొలిచేవారు. ఎన్ని రిజిస్టరు ఉత్తరాలు వచ్చాయి, ఎన్ని మనియార్డర్లు చెల్లించారు, ఎన్ని సేవింగ్స్ జమలు వేశారు అని లెక్కించి, ఒక్కో పనికి ఇంత అని పాయింట్లు వేసి, 25 పాయింట్లను ఒక గంటగా పరిగణించేవారు. ఈ పద్ధతి ఉత్తరాలు దండిగా వచ్చిన కాలంలో పుట్టింది. వేలిముద్ర పడని ముసలమ్మ పాయింటు దీనిలో లేదు. పరికరం ఆన్ అయ్యేదాకా ఎదురు చూసిన సమయానికీ పాయింటు లేదు. తొలకరి అమ్మా, మీ అమ్మగారి పావుగంట ఎక్కడ పోయిందో ఇప్పుడు తెలిసింది కదా.

అయితే రెండో వైపు కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. నా పరిధిలోనే రోజుకు రెండు కవర్లు, వారానికి ఒక ఆర్‌డీ జమ తప్ప మరేమీ లేని బ్రాంచి ఆఫీసులు రెండు ఉండేవి. అక్కడి బిపిఎం ఆఫీసు తాళం తీసి, స్టాంపులో తేదీ మార్చి, పొలానికి వెళ్లి తిరిగివచ్చేవాడు, ఎవరికీ నష్టం జరిగేది కాదు. 2018 నాటికే దేశంలో 1.29 లక్షల బ్రాంచి ఆఫీసులు ఉండేవి. అన్నింటికీ ఒకే గడియారం పెట్టడం అంత సులభం కాదు. సంఘాల నాయకులు ఈ తేడాను వేదికల మీద ఒప్పుకోరు, విడిగా కూర్చుంటే ఒప్పుకుంటారు.

సర్కారుతుమ్మ:

ఇద్దరూ డాక్ సేవక్‌ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. 2018 మే నెలలో మొదలైన సమ్మె పదహారు రోజులు సాగినప్పుడు మా నాయనమ్మ ఆసరా పింఛను కోసం రోజూ పోస్టాఫీసు దాకా నడిచి, తాళం చూసి తిరిగివచ్చేది. మాకు తెలంగాణ పల్లెల్లో పింఛను ఇచ్చేది పోస్టాఫీసే కదా. ఆమె షుగరు మందులు ఆ డబ్బుతోనే వస్తాయి. నేను పట్నం నుంచి పంపించాను కాబట్టి సరిపోయింది. పంపించేవాళ్లు లేని ముసలివాళ్ల సంగతి ఏమిటి? ప్రభుత్వం మీద కోపం ఉంటే ప్రభుత్వానికి తగిలేలా సమ్మె చెయ్యాలి. డిల్లీలో కూర్చున్నవారికి మా నాయనమ్మ నడక కనిపిస్తుందా?

తొలకరి:

కనిపించదు. అందుకే పదహారు రోజులు పట్టింది.

మీ నాయనమ్మ గారి బాధను తక్కువ చేసి మాట్లాడను. ఆ పదహారు రోజులూ మా గుమ్మానికి కూడా అలాంటి పెద్దవాళ్లు వచ్చారు. అమ్మ లోపలే ఉండేది, ఎందుకంటే ఆఫీసు మా ఇల్లే. తాళం వేసిన ఆఫీసు ముందు నిలబడినవారికి లోపలినుంచి మంచినీళ్లు ఇవ్వడం ఎంత ఇబ్బందో చెప్పలేను. ఒక అవ్వ, "నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా బిడ్డా, సంతకం పెట్టడానికి ఏమవుతుంది?" అని అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు. ఆ పదహారు రోజులకు ఆమెకు పైసా రాలేదు కూడా.

న్యాయపీఠిక:

చర్చ కూలి లెక్క దగ్గరే తిరుగుతోంది. అసలు ముడి వీరి హోదాలో ఉంది.

వీరిని ఒకప్పుడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు. పాతవారు ఇప్పటికీ 'ఈడీ' అనే అంటారు. బ్రిటిషు కాలంలో పూర్తికాలపు ఉద్యోగిని పెట్టేంత పని లేని పల్లెల్లో బడిపంతులుకో, దుకాణదారుకో టపా బాధ్యత అప్పగించి, కొంత భత్యం ఇచ్చేవారు. అంటే ఆ మనిషికి మరొక జీవనాధారం ఉందన్నది ఈ వ్యవస్థకు పునాది. ఈనాటికీ చేరేవారు తమకు ఇతర ఆదాయం ఉందని హామీపత్రం ఇవ్వవలసిందే.

1977లో సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో వీరివి సివిల్ పోస్టులేనని, రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ వీరికి వర్తిస్తుందని, సంజాయిషీ వినకుండా తొలగించడం చెల్లదని తీర్పు చెప్పింది. ఇది చదివినవారు ఇంకేం కావాలనుకుంటారు. కానీ 2019 నవంబరులో అదే న్యాయస్థానం, డాక్ సేవక్‌గా చేసిన కాలాన్ని తరువాత రెగ్యులర్ ఉద్యోగంలో చేరినా పెన్షను అర్హతకు కలపడం హక్కుగా కుదరదని చెప్పింది. తొలగించేటప్పుడు ప్రభుత్వ ఉద్యోగి, పంపించివేసేటప్పుడు కాదు.

నిబంధనల పేర్లలో వచ్చిన మార్పు మరీ చెప్పుకోదగినది. 1964 నాటి నిబంధనల్లో 'సర్వీసు' అనే మాట ఉంది. 2001లో పేరు గ్రామీణ డాక్ సేవక్‌గా మార్చినప్పుడు అది 'ఎంప్లాయ్‌మెంట్' అయింది. 2011లో 'ఎంగేజ్‌మెంట్' అయింది. పని బరువు పెరుగుతూ వచ్చిన ఆ సంవత్సరాల్లోనే కాగితం మీద సంబంధం పలచబడుతూ వచ్చింది. వీరికి ఇచ్చేదాన్ని జీతం అనరు, టీఆర్‌సీఏ (టైమ్ రిలేటెడ్ కంటిన్యుటీ అలవెన్సు) అనే భత్యం అంటారు. సస్పెన్షన్ అనరు, పుట్ ఆఫ్ డ్యూటీ అంటారు. 65 ఏళ్లు నిండినప్పుడు రిటైర్‌మెంట్ అనరు, డిశ్చార్జి అంటారు. ఆస్పత్రి నుంచి రోగిని పంపించినట్టు.

మైలురాయి:

నేను ఏబీపీఎంని, అంటే అసిస్టెంటు బ్రాంచి పోస్టుమాస్టరుని. బీటెక్ చదివి, పదో తరగతి మార్కుల ఆధారంగా ఆన్‌లైన్ నియామకంలో ఎంపికయ్యాను. న్యాయపీఠిక గారు చెప్పిన 'ఇతర ఆదాయం' సంగతి దగ్గర ఒక మాట చెప్పాలి.

పాత పద్ధతిలో ఆ ఊరివాడే టపా చూసేవాడు. అతనికి పొలమో, కొట్టో, కనీసం సొంత ఇల్లో ఉండేది. నాకు పోస్టింగు మా ఊరికి రెండువందల కిలోమీటర్ల దూరంలో వచ్చింది. ఆఫీసు బట్వాడా పరిధిలోనే నివాసం ఉండాలన్నది నిబంధన. గది అద్దె నేనే కట్టుకోవాలి, ఇంటి అద్దె భత్యం లేదు. ఇతర ఆదాయం ఉందని నేను సంతకం పెట్టిన ఆ హామీపత్రం మా నాన్న రెండెకరాల మీద ఆధారపడి ఉంది. ఆ రెండెకరాలు వేరే జిల్లాలో ఉన్నాయి. ఉదయం ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు బట్వాడా చేసే మనిషి మూడో పూట ఏ ఇతర ఆదాయం సంపాదిస్తాడో నాకు తెలియదు. నియామకపు పద్ధతిని మార్చి, దానికి పునాది అయిన ఊహను మాత్రం మార్చకుండా ఉంచారు. 10,000 మీద 46 శాతం కరవు భత్యం కలిపితే సమ్మె నాటికి చేతికి వచ్చే మొత్తం ఎంతో నల్లరేగడి గారే లెక్క వేయగలరు.

బైకు నాదే, పెట్రోలు నాదే. బట్వాడా లేని రోజు కూడా మెయిల్ బ్యాగు తేవడానికి వెళ్లి రావాలి.

నల్లరేగడి:

14,600. లెక్క వేశాను.

పాయింట్లలో వేలిముద్ర లేదన్న మాట నాకు కొత్త. అది తెలిసిన తరువాత గంటకు మూడు వేలు అన్న నా వాదన నిలబడదు, ఎందుకంటే హారంలో ఉన్న నాలుగు అనే అంకె కొలిచి తెచ్చింది కాదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. అందరికీ ఎనిమిది గంటలు ఇచ్చి రెగ్యులర్ చేస్తే, విశ్రాంత ఎస్పీఎం గారు చెప్పిన ఆ రెండు కవర్ల ఆఫీసులను ఏ ప్రభుత్వమైనా ఎన్నాళ్లు ఉంచుతుంది? ఇప్పుడు భత్యం తక్కువ కనుక ఆఫీసు బతికి ఉంది. అది ఉద్యోగమైన మరుసటి ఏడాది మూత పడదా? తమ కోర్కె నెరవేరితే తమ ఆఫీసే పోతుందన్న భయం సమ్మెలో ఉన్నవారికి లేదా?

విశ్రాంత_ఎస్పీఎం:

ఉంది. కానీ 2018 సమ్మె అసలు కోర్కె రెగ్యులర్ చేయమని కాదు. ఈ తేడా చాలామంది మరచిపోయారు.

కేంద్రం తానే 2015 నవంబరులో కమలేశ్ చంద్ర గారి నాయకత్వంలో కమిటీ వేసింది. ఆయన తపాలా బోర్డు సభ్యుడిగా విరమించిన అధికారి, సంఘం మనిషి కాదు. 2016 నవంబరులో నివేదిక ఇచ్చారు. అప్పటికే రెగ్యులర్ ఉద్యోగులకు ఏడో వేతన సంఘం జీతాలు అందుతున్నాయి, వీరిది మాత్రం ఏడాదిన్నర బల్ల మీదే ఉంది. అప్పట్లో మూడు గంటల బిపిఎంకు పాత స్థాయి 2,745 రూపాయలతో మొదలయ్యేది. 2018 మే 22న మొదలైన సమ్మె "మీరు వేసిన కమిటీ చెప్పింది అమలు చేయండి" అనే ఒక్క మాట మీద నడిచింది. అన్ని సంఘాలూ ఒక్కతాటి మీదకు రావడం నా ముప్పై ఏళ్ల సర్వీసులో అరుదుగా చూశాను. జూన్ 6న మంత్రివర్గం ఆమోదించింది. పదకొండు స్థాయిలను మూడుకు తగ్గించారు, కనీసం నాలుగు గంటలు చేశారు, ఏడాదికి మూడు శాతం పెంపు పెట్టారు, 3.07 లక్షల మందికి వర్తించింది. ఆ ఆర్థిక సంవత్సరానికి 1,257.75 కోట్లు అవుతుందని చెప్పారు. 2016 జనవరి నుంచి రావలసిన బకాయిలను కూడా ఇచ్చారు.

ఇక్కడ ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. మంత్రివర్గం ఒప్పుకున్నది నిజంగా పెద్ద పెంపే. మా అకౌంట్ ఆఫీసుకు వచ్చిన బిపిఎంలు బకాయిల సొమ్ము చూసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. అయితే నివేదికలో భత్యం పెంచే భాగాన్ని తీసుకుని, సీనియారిటీ, గ్రూపు ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ వంటి భాగాలను పక్కన పెట్టారు. 2023 డిసెంబరు సమ్మె ఆ పక్కన పెట్టిన భాగం కోసం వచ్చింది. అందుకే అది చూసేవారికి అర్థం కాలేదు, 'అప్పుడే ఇచ్చారు కదా' అన్నారు. 2018 నాటి ఊపు కూడా దానికి లేదు.

ఆఫీసులు మూత పడతాయా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: పని పంపిణీ చేయాలి గాని మూసివేయకూడదు. రెండు కవర్ల ఆఫీసు పక్కనే రోజుకు వందమందికి డబ్బు పంచే ఆఫీసు ఉంటుంది. రెండింటినీ ఒకే 'నాలుగు గంటలు' అనడంలో మొదటివాడికి లాభం, రెండోవాడికి నష్టం. ఆ సమ్మెలో ముందు నిలబడింది ఆ రెండోవాడే.

మైలురాయి:

టార్గెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వచ్చిన తరువాత బట్వాడాకు వెళ్లే మనిషి బ్యాంకు ఏజెంటు కూడా అయ్యాడు. గ్రామీణ తపాలా జీవిత బీమా పాలసీలు, సుకన్య ఖాతాలు, పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు అన్నింటికీ మేళాల పేరుతో రోజు నిర్ణయిస్తారు. ఆ రోజు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో 'సున్నా చేసినవారి' జాబితా పెడతారు. ఒకసారి నా పేరు ఆ జాబితాలో ఉండకుండా చూసుకోవడానికి మా అత్త పేరు మీద నేనే నూరు రూపాయల ఖాతా తెరిపించాను. ఇలా చేయనివారు మా గ్రూపులో ఎవరైనా ఉన్నారా అన్నది నాకు అనుమానమే.

డిసెంబరు కోర్కెల పత్రంలో ఈ విషయం ఉంది. టార్గెట్లు ఎత్తివేసి, బీమా, సేవింగ్స్, పేమెంట్స్ బ్యాంకు, ఉపాధి హామీ పనులన్నింటినీ పని భారంలో కలపాలని అడిగారు. ఇప్పుడు వాటికి కమీషను ఇస్తారు. కమీషను అంటే నీ ఇష్టం ఉంటే చేసే పని అన్నట్టు. జాబితాలో పేరు పెట్టి మందలించేటప్పుడు మాత్రం అది ఇష్టం కాదు, డ్యూటీ. విశ్రాంత ఎస్పీఎం గారు చెప్పిన పాయింట్లలోకి ఈ పని వస్తే చాలు, నాలుగు గంటలు తామంతట తామే ఆరో, ఏడో అవుతాయి. ఎనిమిది గంటలు ఇమ్మని అడగడం వెనక ఉన్నది ఇదే. ఎక్కువ పని ఇమ్మని కాదు, చేస్తున్న పనిని రాసుకొమ్మని.

న్యాయపీఠిక:

ఒక చేర్పు. 2024 మార్చిలో డాక్ సేవక్‌లకు ఆర్థిక పెంపు పథకం ప్రకటించారు. 12, 24, 36 ఏళ్లు పూర్తి చేసినవారికి వరుసగా ఏడాదికి 4,320, 5,520, 7,200 రూపాయలు. నెలకు చెప్పుకుంటే 360, 460, 600. పన్నెండేళ్లు ఊరి టపా మోసిన మనిషికి నెలకు 360 రూపాయల గుర్తింపు. సమ్మె వల్ల వచ్చిందా, ఎన్నికల ముందు కనుక వచ్చిందా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు. కమిటీ చెప్పిన సీనియారిటీ అంశం ఆ మేరకైనా కాగితం దిగింది కనుక, సమ్మె పూర్తిగా వృథా అనడం సరికాదు. పెన్షను, ఎనిమిది గంటల కోర్కెలు మాత్రం తీరకుండా అలాగే ఉన్నాయి.

సర్కారుతుమ్మ:

మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఈ చర్చ మనసులో ఉండి మా బిపిఎంతో మాట్లాడాను. ఆయనకు ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. పథకం ప్రకారం నెలకు 460 వస్తుందట. "మీ నాయనమ్మకు పింఛను ఎంత?" అని ఎదురు అడిగాడు. చెప్పాను. ఆయన 65 నిండి దిగిపోయిన తరువాత తనకు నెలనెలా వచ్చే పెన్షను లేదని, అప్పుడు తానూ అదే ఆసరా వరుసలో కూర్చుంటానని, తన తరువాత వచ్చే బిపిఎం వేలిముద్ర సరిగ్గా తీసుకుంటే చాలని నవ్వుతూ అన్నాడు. పింఛను ఆపి సమ్మె చేయడం తప్పన్న నా మాట వెనక్కి తీసుకోను. తప్పు ఎవరిదన్న చోట మాత్రం ముందు ఉన్నంత గట్టిగా లేను.

తొలకరి:

నల్లరేగడి గారి మొదటి ప్రశ్నకు సంబంధించి ఒక విషయం మరచిపోయాను.

2018 సమ్మె ముగిసిన మరుసటి ఉదయం అకౌంట్ ఆఫీసు నుంచి మా ఇంటికి మూడు సంచులు వచ్చాయి. పదహారు రోజుల టపా. కాలేజీ ప్రవేశపు కాగితాలు, ఎల్ఐసీ నోటీసులు, ఒక పెళ్లి శుభలేఖ. ఆ పెళ్లి అయిపోయి నాలుగు రోజులైంది. పింఛన్లు, కూలి డబ్బులు అన్నీ ఒకేసారి. అమ్మ, బట్వాడా చూసే అన్న ఇద్దరూ ఉదయం ఏడింటికి మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళ దాటేదాకా ఐదు రోజులు పనిచేశారు. ఆగిపోయిన పదహారు రోజులకు భత్యం కోత పడింది, ఎందుకంటే పని చేయలేదు. ఆ పదహారు రోజుల పని మాత్రం ఈ ఐదు రోజుల్లో జరిగింది. నెలాఖరున వచ్చిన కాగితంలో ఆ ఐదు రోజులకు రోజుకు నాలుగు గంటలని ఉంది.